పాడే మనిషి ఆగకూడదు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి పాప పుట్టినరోజు. కేకు మీద కొవ్వొత్తి వెలిగించాక ఎవరో నన్ను ముందుకు తోసి, "దీదీకి వచ్చు, దీదీ వాయిస్తుంది" అంటూ పాప ఆడుకునే చిన్న కీబోర్డు నా ఒళ్ళో పెట్టారు. పుట్టినరోజు పాటకి ఏముంది, పాట కింద కలిపి నొక్కే స్వరాల గుంపులు, అదే కార్డులు, మూడు తెలిస్తే చాలు. కళ్ళు మూసుకుని వాయించొచ్చు. కళ్ళు మూసుకోవడమే పొరపాటైంది. పాప పేరు వచ్చే వరుస దగ్గర నా వేళ్ళు నన్ను అడగకుండానే వేరే కార్డు మీదికి జారిపోయాయి. పైన పాట అదే, కింద స్వరాలు మాత్రం మారిపోయాయి. పాప పాడటం ఆపేసి నా వంక కోపంగా చూసింది. పాపను చూసి పిల్లలు ఆగారు, పిల్లల్ని చూసి పెద్దవాళ్ళు ఆగారు. తర్వాత అందరూ నవ్వేసి మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

అందరూ ఆగిన ఆ కాసేపట్లో నాకు ఆయన గొంతు వినిపించింది. "పాడే మనిషి ఆగిపోతే ఆ తప్పు వాయించినోడిదేనమ్మా. మరెవరిదీ కాదు."

కేకు తిన్నాను, ఫొటోలు దిగాను, ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే వాళ్ళక్క ఒప్పుకోదు. నేను ఆయన్ని సార్ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవారు. అంతకంటే అవసరం ఎప్పుడూ రాలేదు.

మాది కరీంనగర్. ఉద్యోగం కోసం కోల్‌కతా వచ్చాను. చిన్నప్పుడు సినిమా పాటలు వాయించేంత కీబోర్డు నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక సాయంత్రం గదికి చేరితే మాట్లాడటానికి మనిషి ఉండేది కాదు. ఫోన్లో జాజ్ పియానో పాఠాలు చూడటం మొదలుపెట్టాను. ఒక కార్డు బదులు ఇంకో కార్డు ఎలా వెయ్యాలో ఎవరెవరో చెబుతుంటారు. వాళ్ళ వేళ్ళు చూసి నా వేళ్ళు పెడితే మోగేది, ఎందుకు బాగుందో మాత్రం అంతుపట్టేది కాదు. మా టీమ్‌లో ఒక బెంగాలీ దాదా నా అవస్థ చూసి, "మీ తెలుగాయనే ఒకరున్నారు, ఒకప్పుడు పార్క్ స్ట్రీట్ హోటళ్ళలో వాయించేవారు, వెళ్ళి కాళ్ళ మీద పడు" అని వాట్‌గంజ్‌లో ఒక చిరునామా ఇచ్చాడు.

వెళ్ళింది వానాకాలంలో. ఓడలు ఆగే డాకు పక్క సందులో పాత మేడ, చీకటి మెట్లు. తలుపు తీసింది ఒక పెద్దావిడ. చేతికి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"ఎవలు కావాలి?"

"పియానో నేర్పిస్తరని చెప్పిన్రు అమ్మా."

"లోపలున్నాడు, ఎల్లు. చెప్పులు ఇటు వొగ్గీ."

లోపల గదిలో దీపం లేదు. పియానో మాత్రం వెలుగుతోంది. చెక్క పలకల సందుల్లోంచి పసుపు వెలుతురు సన్నగా బయటికి వస్తోంది. నేను అక్కడే నిలబడిపోయాను.

"భయపడకు, లోపల బల్బు పెట్టాను," అన్నారాయన చీకట్లోంచి. "ఈ ఊరి చెమ్మకి చెక్క ఉబ్బిపోద్ది. దానికీ కాస్త వెచ్చగా ఉండాలి కదా."

పొట్టి మనిషి. మడత నలగని తెల్ల చొక్కా, కాళ్ళకి మేజోళ్ళు, బూట్లుండవు. పెడల్ తొక్కే కాలికి తోలు అడ్డం ఉంటే చెవుడు వచ్చినట్టు ఉంటుందనేవారు. వాయించే ముందు పియానో మెట్లన్నిటినీ చప్పుడు కాకుండా, నిద్రపోయే పిల్లని తడిమినట్టు, ఒకసారి తడిమేవారు. మధ్యలో ఒక మెట్టు మూగది, ఎంత నొక్కినా మోగదు. బాగుచేయించమంటే నవ్వేవారు. "రోడ్డు తవ్వీసారని ఇంటికి పోవడం మానేస్తామేటి? ఇంకో సందులోంచి పోతాం. దీనివల్లే నాకు సగం కార్డులు వచ్చాయి."

ఆ మొదటి రోజు నన్నేమీ వాయించమనలేదు. కూర్చోబెట్టి, "ఉండు, వస్తుంది" అన్నారు. ఏం వస్తుందో నాకు తెలియదు. బిస్కెట్లు పెట్టారు, టీ తాగాం. అప్పుడు డాకు వైపు నుంచి ఓడ కూత వేసింది. ఆయన కప్పు కింద పెట్టి, ఆ కూత స్వరం ఏదో వెతక్కుండానే కుడిచేత్తో నొక్కి పట్టారు. కింద ఎడమచేత్తో ఒక కార్డు వేశారు. కూత ఇంటికి చేరిన ఓడదిలా ఉంది. చెయ్యి కాస్త జరిపి ఇంకో కార్డు వేశారు. అదే కూత ఏడుస్తున్నట్టు వినిపించింది. మళ్ళీ జరిపారు. ఈసారి ఓడ ఎవరినో ఏదో అడిగి జవాబు కోసం ఆగినట్టుంది.

"ఓడకి తెలుసా నేనేం చేసానో?"

"తెల్వదు సార్."

"దాని కూత అది కూసింది. కింద నేల మార్చింది నేను. ఇదే అమ్మా ఈ విద్య. మిగిలిందంతా సాధన."

ఫోన్లో ఎంత చూసినా నాకు ఎక్కని సంగతి ఒకటుంది. ఒక కార్డు బదులు దానికి చాలా దూరంగా, బొత్తిగా సంబంధం లేనట్టుండే ఇంకో కార్డు వేస్తారు, అయినా అది అతికిపోతుంది. అదెలాగని అడిగాను. ఆయన నా కుడిచేతి రెండు వేళ్ళు తీసుకుని రెండు మెట్ల మీద పెట్టి, కదపొద్దన్నారు. తను కింద ఒక స్వరం నొక్కారు. అది ఒక కార్డు. ఆ కింద స్వరం ఒక్కటే వదిలేసి దూరంగా ఇంకోటి నొక్కారు. అది పూర్తిగా వేరే కార్డైపోయింది. నా వేళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

"చూసావా, మధ్యలో ఇద్దరూ మంచం మీంచి లేవలేదు. ఇల్లే వీధి మారిపోయింది. ఆ ఇద్దరూ కలిసున్నంతసేపూ కింద నేల ఎటు పోయినా పర్లేదు."

ఆ రోజు బస్సులో వస్తూ నా రెండు వేళ్ళనీ చూసుకుంటూ కూర్చున్నాను.

ఆయన పాఠంలో ఒక విచిత్రం ఉండేది. కొత్త కార్డు ఏది నేర్పినా ముందు నన్ను వాయించనిచ్చేవారు కాదు. పాడమనేవారు. నా గొంతు గొప్పగా ఉండదు, ఆయనకి అది పట్టదు. నేను పాట పాడుతుంటే కింద ఆయన కార్డులు మారుస్తారు. నేను ఎక్కడైనా తడబడితే ఠక్కున చేతులు తీసేసి, "క్షమించమ్మా, నాది తప్పు" అనేవారు. నాకు శ్రుతి నిలవకపోయినా ఆయనదే తప్పు, నాకు దగ్గు వచ్చినా ఆయనదే తప్పు. నవ్వొచ్చేది. ఒకసారి అనేశాను కూడా, "సార్, నాకే సరిగ వస్తలేదు, మీ తప్పు ఏముంది ఇండ్ల?" అని. ఆయన నవ్వలేదు.

"కింద ఎంతైనా మార్చుకో. పైన పాడే మనిషికి తెలియకూడదు. తెలిసిందా, ఆగిపోద్ది. ఆగిందా, నువ్వు మనిషిని నడుస్తుండగా తోసేసినట్టే."

ఇలాంటి మాట చాలామంది చెబుతారు, కానీ ఎదుటివాళ్ళ దగ్గుకి కూడా క్షమాపణ అడగరు. ఈయన అడిగేవారు. ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు.

తలుపు తీసిన ఆవిడ ఆయన అక్క. మేం అక్క అనే చోట వాళ్ళు అప్ప అంటారు. నాకూ ఆవిడ అప్ప అయిపోయింది. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు, ఆ రెండు గదుల్లోనే ముసలివాళ్ళయ్యారు. అప్ప వాళ్ళ తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది. ఆవిడ ఎత్తుకుంటేనే సంఘం అందుకునేది. ఆదివారం ఆరాధన అయ్యాక నా పాఠం. అప్ప చర్చి చీర మార్చుకుని వంటింట్లోకి వెళ్ళేది, వంటింటికి తలుపు లేదు, పాత దుప్పటి ఒకటి తెరలా వేలాడేది. పాఠం జరిగినంతసేపూ ఆ దుప్పటి వెనక గిన్నెల చప్పుడే తప్ప మనిషి అలికిడి ఉండేది కాదు. చర్చిలో అంత పాడే మనిషి ఇంట్లో కూనిరాగం కూడా తీయగా నేను వినలేదు. ఆయన చర్చికి వెళ్ళి వెనక వరసలో కూర్చుని వచ్చేస్తారు, హార్మోనియం ముట్టుకోరు. ఇదంతా నాకు వింతగా ఉండేది, అడగడానికి మొహమాటపడ్డాను.

ఆయనే చెప్పారు. ఒక ఆదివారం మోకాలి లోతు నీళ్ళు నిలిచి నేను తిరిగి వెళ్ళే దారి లేకపోయింది. అప్ప కింద వాటాలో ఎవరికో ఒంట్లో బాగాలేదని చూడ్డానికి వెళ్ళింది. ఆయన పియానో మీద ఒక కీర్తన మెల్లగా వాయించారు. నాకు తెలియని పాట.

"మా అమ్మ పాట ఇది. పొద్దున్న పొయ్యి అంటించినప్పట్నించి పడుకునేదాకా ఇదే. అమ్మ పోయినప్పుడు భూస్థాపన కూడికలో నన్నే వాయించమన్నారు, అప్ప పాడింది. ఎదురుగా పెట్టె. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదమ్మా. చేతుల్లోకి వచ్చీసింది."

మామూలు కార్డులతోనే మొదలుపెట్టారట. మొదటి చరణం బాగానే సాగింది. రెండోదానికి వచ్చేసరికి ఆయన చేతులు ఆయన మాట వినలేదు. కింద ఒక్కో కార్డూ మార్చుకుంటూ పోయారు. హోటల్లో ఏళ్ళ తరబడి వాయించిందంతా, అమ్మ మీద ఉన్నదంతా అందులో పోసేశారు. అప్ప చరణం మధ్యలో ఆగిపోయింది. అప్ప ఆగితే సంఘం ఆగింది. పాస్టరుగారు కాసేపు చూసి ప్రార్థన మొదలుపెట్టారు. పెట్టె లేపారు.

"మా అమ్మ సగం పాటతో పోయింది. అప్పకి స్వరం అందకుండా చేసింది నేను. అందరి ముందూ. ఎప్పుడూ తప్పని మనిషిని."

"మరి అప్పతోని మాట్లాడలేదా సార్, ఆ సంగతి?"

"అన్నం పెట్టుద్ది. జొరమొస్తే తల దగ్గర కూర్చుంటాది. ఆ పాట మాత్రం మళ్ళీ పాడలేదు. నేనూ అడగలేదు."

నాకు తోచింది అనేశాను. "మామూలుగ వాయిస్తే అయిపోయె గద సార్. అప్ప పాడుతది."

"పాడుద్ది. అలగైతే హార్మోనియం ముందు నేనుంటే ఏటి, ఇంకోడుంటే ఏటి? అమ్మ మీద నాకున్నదంతా ఆ కార్డుల్లోనే ఉందమ్మా. అవి తీసేస్తే నా దగ్గర మరేటీ లేదు."

అప్పటినుంచి ఆయన చేస్తున్న పని అదే. ఆ కీర్తనకి కింద కార్డులు కట్టడం, అప్పకి తెలియకుండా ఉండేటట్టు. ఒకటి వేసి చూడటం, ఎక్కువైందని తీసేయడం, దాని బదులు ఇంకోటి. ఆవిడ గొంతు ఏ స్వరం మీద ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ కాస్త ఆలస్యం చేస్తుందో ఆయనకి కంఠతా తెలుసు. అక్కడ నేల గట్టిగా ఉంచి మిగతా చోట్ల మార్చేవారు. నేను వచ్చాక అప్ప బదులు నన్ను పాడించేవారు. ఆ పాట నాకు అలా వచ్చింది. నేను తడబడిన ప్రతిచోటా "క్షమించమ్మా" అనుకుంటూ కార్డు మార్చేవారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి, "నా చేతులు ముసలివైపోయాయి, నువ్వు పట్టుకో" అని ఒక్కో చరణం నా వేళ్ళకి ఎక్కించారు. ఆ పాట మొదలైతే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది. అప్పకి కష్టంగా ఉందేమో అనుకునేదాన్ని.

ఒక్కసారి మాత్రం అడగబోయారు. క్రిస్మస్‌కి ముందు. ఇల్లంతా కేకు వాసన. పాట కట్టడం పూర్తయిందని ఆయనకి అనిపించిన రోజది. నేను మొత్తం పాడాను, ఎక్కడా తడబడలేదు, కింద ఏం జరుగుతుందో మర్చిపోయి పాడాను. ఆయన మొహం వెలిగిపోయింది. చొక్కా సర్దుకున్నారు, తల దువ్వుకున్నారు కూడా.

"అప్పా, ఒకసారి ఇలగ రా."

దుప్పటి తొలగింది. అప్ప చేతికంటిన పిండితో వచ్చి గడప దగ్గర నిలబడింది. "ఏటి?"

ఆయన ఆవిణ్ణి చూశారు. పియానో వంక చూశారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"టీ పెడతావేటని."

అప్ప వెంటనే కదల్లేదు. ఆయన వంకా నా వంకా చూస్తూ ఇంకేదో వస్తుందన్నట్టు కాసేపు నిలబడింది. తర్వాత "పెడతాను" అని లోపలికి వెళ్ళింది. ఆ టీ ఎవరమూ సరిగ్గా తాగలేదు.

పోయిన ఏడాది వానలు మొదలవకముందే ఆయన పోయారు. జ్వరమన్నారు, ఊపిరి అందడం లేదన్నారు, ఆసుపత్రిలో చేర్చారు, అంతే. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు మాట్లాడే స్థితిలో లేరు. దుప్పటి మీద రెండు వేళ్ళు ఎడంగా పెట్టుకుని ఉన్నారు. ఆ రెండూ కదల్లేదు. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు, పట్టుకుంటే వేళ్ళు జరుగుతాయని భయమేసింది.

పొద్దున్నే ఫోన్ చేసింది అప్ప. "పిల్లా, ఆడు ఎల్లిపోనాడు. నువ్వొచ్చి వాయించాల."

చర్చిలో పెట్టె ముందు వరసకి ఎదురుగా ఉంది. తెల్ల చొక్కా తొడిగారు, కాళ్ళకి మేజోళ్ళు తొడిగారు. పక్కన హార్మోనియం కాకుండా కీబోర్డు పెట్టించింది అప్ప. ఏ పాటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ దగ్గరికి వెళ్ళి చెవిలో అన్నాను, "అప్పా, నేను మామూలు కార్డులే వేస్తా. మీరు భయపడకున్రి."

ఆవిడ నా వంక తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మామూలువెందుకేటి? ఆడు కట్టినట్టే వాయించు."

"మీరు ఆ కార్డుల మీద ఎన్నడు పాడలేదు గద."

"వంటింట్లో చెవులు మూసుకుని కూకున్నాననుకున్నావేటి?"

వాయించాను. మొదటి చరణం అందరూ పాడారు. రెండో చరణంలో కింద నేల జరగడం మొదలయ్యేసరికి వెనక గొంతులు ఒక్కొక్కటీ జారిపోయాయి. ఆయన ఆ పాట కట్టింది ఒక్క మనిషి కోసం, ఒక్క మనిషి ఊపిరికి సరిపోయేటట్టు. మిగతావాళ్ళు అందుకోలేకపోయారు. మూడో చరణానికి చర్చిలో అప్ప గొంతు ఒక్కటే మిగిలింది. ముసలి గొంతు, కాస్త బీటలు వారింది, కానీ స్వరం ఉన్నచోట ఉంది. నాకు కన్నీళ్ళతో మెట్లు కనపడక ఒకచోట వేలు పక్కదాని మీద పడింది. అది ఆయన కట్టిన కార్డు కాదు, ఎవరూ కట్టనిది, వినడానికి ఘోరంగా ఉంది. అప్ప దాని మీద నుంచి కూడా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. చివరి మాట దాకా పాడింది.

ఆయన ముసలితనమంతా ఎదురుచూసింది దీని కోసం. వినాల్సిన మనిషి పెట్టెలో ఉన్నారు.

సమాధుల తోట నుంచి ఇంటికి వచ్చాక చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అప్ప పియానో ముందు బల్ల మీద కూర్చుంది. అక్కడ కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని అన్నాను, "అంత కష్టమైన కార్డులు, నేను తప్పు కూడ కొట్టిన. ఎట్ల పట్టుకున్నరు అప్పా?"

"కష్టమేటి. అమ్మ పోయిన దినమూ పట్టుకున్నాను."

నాకు అర్థం కాలేదు.

"ఆ దినం నాను దారి తప్పనేదు పిల్లా. స్వరం నా గొంతులోనే ఉంది. అమ్మ పెట్టె ఎదురుగుంటే ఈడు హోటల్లో వాయించినట్టు వాయిస్తన్నాడని కోపం వచ్చీసింది. కోపానికి నోరు మూసీసినాను."

అడిగాను, "సార్‌కు ఈ ముచ్చట..."

"చెప్పనేదు." మూతపెట్టిన పియానో మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాసింది. "చెప్పీద్దామనే అనుకున్నాను. ఈలోగా ఆడు నా కోసమని ఆ పాట సరిచెయ్యడం మొదలెట్టీసాడు. తీస్తాడు, పెడతాడు, మళ్ళీ తీస్తాడు. వంటింట్లోంచి అంతా వింటన్నాను. అంత పని పెట్టుకున్నోడికి, నాకు అక్కర్నేదురా తమ్ముడా అని ఎలగ చెప్పను? ఆడే పిలుస్తాడు, అప్పుడు పాడీద్దామనుకున్నాను. పిలిచాడు కూడాను. టీ అడిగాడు."

బయట ఆ ఏడాది మొదటి వాన మొదలైంది. అప్ప లేచి, వంగి, పియానో పక్కన గోడకున్న స్విచ్ వేసింది. పలకల సందుల్లో పసుపు వెలుతురు వచ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.